రెండు కత్తిరింపులు, ఒకే పంట

వాక్యభాగం: యోహాను సువార్త 15:1-5

ఈరోజు ద్రాక్షతోట దగ్గర ఒక పాఠం నేర్చుకుందాం.

చలి దేశాల్లో ద్రాక్షతీగె శీతాకాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. అక్కడ ముఖ్యమైన కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే. మన హైదరాబాద్ చుట్టుపక్కల, మహారాష్ట్రలోని నాసిక్, సాంగ్లీ తోటల్లో తీగెకు ఆ నిద్ర లేదు. అందుకే రైతు కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తాడు. పంట మాత్రం ఒక్కటే.

1. కనబడని నెలలు వృథా కాదు

ఏప్రిల్ కత్తిరింపు పండ్ల కోసం కాదు, కొత్త కొమ్మల కోసం. ఎండల్లో ఆ తోట చూస్తే ఆకులే కానీ గుత్తులు ఉండవు. అయితే రాబోయే గుత్తులు మొగ్గల లోపల రూపం పోసుకునేది ఆ నెలల్లోనే! అక్టోబరు కత్తిరింపు వాటిని మేలుకొలుపుతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి కోత. మనం కూడా ప్రార్థించి, ఫలం కనబడక, "ప్రభువా, ఏం జరుగుతోంది?" అని అడుగుతాం. సాఫ్ట్‌వేర్‌లో కూడా పాత కోడ్ శుభ్రం చేసే వారం స్క్రీన్ మీద కొత్తగా ఏమీ కనబడదు. పని మాత్రం జరుగుతూనే ఉంటుంది.

2. కత్తెర ఏది?

రెండో వచనంలో ఫలించే తీగెనే తండ్రి శుద్ధి చేస్తాడని చూస్తాం. మూడో వచనంలో యేసు తన మాట వల్లే శిష్యులు ఇప్పటికే శుద్ధులయ్యారని చెప్పారు. గ్రీకులో ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. అంటే ఇక్కడ కత్తెర ఆయన వాక్యం.

కాబట్టి ఉద్యోగం పోయిన తమ్ముడితో, బిడ్డను పోగొట్టుకున్న అక్కతో "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడు" అని తొందరపడి చెప్పకండి. యోబు స్నేహితులు కూడా కారణాలు చెప్పబోయి దేవుని చేత గద్దింపు పొందారు. వారి పక్కన కూర్చోండి, వారితో కలిసి ప్రార్థించండి.

3. తీగె పని ఒక్కటే

ఎప్పుడు, ఎంత కత్తిరించాలో తీగెకు తెలియదు, రైతుకు తెలుసు. తీగె చేయాల్సింది వల్లిలో నిలిచి ఉండడమే. ఈ వారం వాక్యం మీలో దేన్ని తీసేయమంటోంది? ఒక కోపమా? ఒక అలవాటా? ఆ ఒక్కటి ఆయన చేతికి ఇవ్వండి.

ప్రార్థన: తండ్రీ, ఫలం కనబడని రోజుల్లో కూడా నీ కుమారునిలో నిలిచి ఉండే కృప మాకు దయచేయుము. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.