మస్కట్ పెట్టెలో గోళ్లరంగు

మొన్న మస్కట్‌లోని హమ్రియాలో మా గదిలో జరిగింది మీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. మా పిన్ని ఈ నెలాఖరుకి అమలాపురం వెళ్లిపోతోంది, ఇక తిరిగి రాదు. 1989లో ఇంటిపనికని వచ్చింది మస్కట్‌కి. పెట్టె సర్దుతుంటే అడుగున పాత తువ్వాలు మూట కనిపించింది. విప్పితే ఐదు గోళ్లరంగు సీసాలు. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

"ఎవరికోసం పిన్నీ ఇవి?" అన్నాను.

"నాకోసమేనే" అంది.

రెండేళ్లకోసారి సెలవు దొరికినప్పుడు రువి బజారులో చెల్లెళ్లకీ ఆడపడుచులకీ సెంట్లూ సబ్బులూ గోళ్లరంగులూ కొనేదట. అప్పుడప్పుడు వాటితోపాటు తనకీ ఒక సీసా. మరి పెట్టుకోలేదేం అంటే చెయ్యి చాపి చూపించింది. "పొద్దుట్నుంచి రాత్రిదాకా నీళ్లలో నానే చెయ్యి ఇది. గోరింటాకైతే అంట్లు తోమినా పోదు. ఇదేమో రెండోరోజుకే పెచ్చులూడిపోద్ది. డబ్బు పోసి కొన్నది ఊడగొట్టుకోనా?" పండక్కి తను పనిచేసే ఇంటావిడ పిన్ని చేతికి కూడా గోరింటాకు పెట్టించేదట. సీసాలు మాత్రం మూటలోనే ఉండిపోయాయి.

నాకు పాత గోళ్లరంగులంటే ప్రాణం. సెలవురోజు హమ్రియా, రువి సందుల్లో ఫ్యాన్సీ కొట్లు తిరుగుతుంటాను. కొట్లో మలయాళీ అన్నయ్యలు ఏ కంపెనీ రంగునైనా "క్యూటెక్స్" అనే అంటారు. ఆ పేరు 1911 నాటిది. అమెరికాలో నార్తమ్ వారెన్ అనే ఆయన గోరు మొదట్లో ఉండే చర్మాన్ని మెత్తబరిచే మందుకి పెట్టుకున్న పేరది. రంగు ఆ తర్వాత వచ్చింది. రెవ్లాన్ 1932లోనూ, మన లాక్మే 1952లోనూ మొదలయ్యాయి. పాత సీసా కొనేటప్పుడు నేను అద్దాల బీరువాలో ఎండ తగిలినవి ముట్టుకోను. ఎండ 45 డిగ్రీలు తాకే ఊరిది, రంగులు వెలిసిపోతాయి. వెనక అరలో చీకట్లో ఉన్నవి అడిగి తీయిస్తాను. పిన్ని సీసాలు ఏళ్ల తరబడి తువ్వాల్లో, పెట్టె అడుగున ఉన్నాయి. అంతకన్నా బాగా ఎవరూ దాచలేరు.

మూతలు బిగుసుకుపోయాయి. సీసా మెడని రెండు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, గుడ్డతో పట్టుకుని తిప్పాను. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండమ్మా! ఇందులో ఉండే నైట్రోసెల్యులోజే ఒకప్పటి సినిమా రీళ్లలోనూ ఉండేది. ఆ రీళ్లు ఎలా భగ్గుమనేవో పెద్దవాళ్లనడగండి. రంగు అడుక్కి దిగిపోతే సీసాని అరచేతుల మధ్య దొర్లించాలి. గిలక్కొడితే బుడగలొస్తాయి. చిక్కబడితే రెండుమూడు చుక్కలు నెయిల్ పాలిష్ థిన్నర్ పోయాలి. రంగు తుడిచే రిమూవర్ పోశారా, అది రంగునే విరిచేస్తుంది. నేను మొదట్లో అలాగే ఒక మంచి మెరూన్ పాడుచేసుకున్నాను, ఇప్పటికీ బాధే.

ఐదింటిలో ఒకటి ఎంత దొర్లించినా కలవలేదు, దాన్ని అలాగే దాచాం. తెల్లది పసుపురంగు తిరిగింది, వయసుకి అది సహజం. మిగతా మూడూ బతికొచ్చాయి: నిండు ఎరుపు, నారింజ, ముత్యంలా మెరిసే గులాబీ. ఒకప్పుడు ఆ ముత్యపు మెరుపుని చేప పొలుసుల్లోంచి తీసేవారని చెబితే పిన్ని సీసాని వెలుతురుకి పట్టి ఎంతసేపు చూసిందో!

పాత రంగుల్లో ఫార్మాల్డిహైడ్, టోలుయిన్, డైబ్యూటైల్ థాలేట్ ఉండొచ్చు. చివరిదాన్ని యూరప్ సమాఖ్య 2004లో సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అందుకే కిటికీలు తీసిపెట్టాను. గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్లు వీటి జోలికి పోవద్దు. ముందురోజు ఒక్క గోటికి పెట్టి చూశాం, దురద రాలేదు. అప్పుడు అడుగున బేస్ కోటు వేసి, దానిమీద పల్చగా రెండు పూతలు పూశాను. పూత ఒకేసారి మందంగా వేస్తే ఆరదు.

పిన్ని ఎరుపే కోరుకుంది. ఆరేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నాకు తెలిసి, ఆ చేతులు అంతసేపు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి. సాయంత్రం అంట్లన్నీ నేనే తోమాను.

గుర్తుకోసం ప్రతి రంగూ ఒక తెల్ల ప్లాస్టిక్ చెంచా మీద పూసి, వెనక పిన్ని పేరు, కొన్న ఏడాది రాశాను. మూడు సీసాలు తనతోనే వెళ్తున్నాయి, చెకిన్ పెట్టెలో ప్లాస్టిక్ సంచిలో కట్టి. విమానం పార్సిల్లో మాత్రం గోళ్లరంగు పంపకండి, మండే సరుకని ఒప్పుకోరు.

మీ ఇంట్లో కూడా మస్కట్ నుంచో కువైట్ నుంచో వచ్చిన పాత సీసా ఉంటుంది. వెతకండి. అది ఎవరు కొన్నారో వాళ్లని కూర్చోబెట్టి, ముందు వాళ్ల గోళ్లకే పెట్టండి.