గ్యారేజీలో నెగడు పెట్టకు తమ్మీ

పోయిన ఆదివారం కాంటన్‌లో ఒక తమ్ముడి ఇంటికి పోయాను. మా సిద్దిపేట దిక్కు పిల్లగాడే. మిషిగన్‌కు వచ్చి రెండేళ్లు, ఇల్లు కొని రెండు నెలలు. గ్యారేజీలో వడ్రంగి పని మొదలుపెట్టాడని విని సంబరంగా పోయాను. బల్ల చూపించాడు, రంపం మిషన్ చూపించాడు, గోడకు వరుసగా తగిలించిన ఉలులు చూపించాడు. ఆఖరికి మూలనున్న అట్టపెట్టె మీద చెయ్యేసి, "చలికి ఇది తెచ్చిన అన్నా, సగం ధరకే దొరికింది" అన్నాడు. కిరోసిన్ హీటర్. ఆ పెట్టె చూడగానే నా గుండె జారింది. 2019 జనవరిలో నేనూ ఇట్లాంటి పెట్టెనే, ఇట్లాగే మురిసిపోతూ ఇంటికి తెచ్చాను. తెచ్చిన వారం తిరగకముందే చావు అంచుదాకా పోయి వచ్చాను.

అతనికి అక్కడే నాలుగు మాటలు గట్టిగా చెప్పాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ప్రతి అక్టోబరులోనూ కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఎవరో ఒకరు ఇదే తప్పు చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు మిగతా సంగతుల్లో నా అవసరం లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసువాళ్లు చెప్పినట్టు చేస్తే వస్తాయి. బూట్లు నీళ్లు పట్టనివి కొనండి. ఇంటి ముందు మంచు పడ్డ రోజే ఎత్తిపోయండి, మర్నాటికి రాయి అవుతుంది. అంతే. ఇక గ్యారేజీలోకి రండి.

డెట్రాయిట్ చుట్టుపక్కల జనవరి రాత్రులు సగటున సెల్సియస్‌లో సున్నాకు ఏడు డిగ్రీలు కిందికి పోతాయి. ఇంట్లో ఫర్నేసు ఉంటుంది గానీ గ్యారేజీకి దాని వేడి రాదు, రానివ్వకూడదు కూడా. చేతులు కొంకర్లు పోవడం ఒక్కటే కాదు బాధ. తెల్ల జిగురు పది డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో సరిగా పట్టదు. ఆరినట్టే ఉంటుంది, అతుకు దగ్గర సుద్దలాగా తెల్లబడి ఊడొస్తుంది. నీళ్లతో చేసిన రంగులు, వార్నిష్‌లు ఒక్కసారి గడ్డకడితే పారబోయడమే. కాబట్టి చలికాలం పని ఆగకూడదంటే హీటర్ కావాల్సిందే, కాదనను.

ముందు గ్యారేజీకి గొంగడి కప్పండి. మా దిక్కు కురుమ తాతలు తెల్లవారుజామున గొంగడి కప్పుకునే నెగడు దగ్గర కూర్చునేవాళ్లు. గొంగడి లేకపోతే ముందువైపు కాలుతుంది, వీపు వణుకుతుంది. గ్యారేజీ కూడా అంతే. పెద్ద తలుపు కింద రబ్బరు పట్టీ అరిగిపోతే మార్చండి, పక్కల సందులు మూయండి, పైకప్పులో దూది పరుపుల్లాంటి ఇన్సులేషన్ వేయించండి, తలుపు పలకలకు దాని కోసమే అమ్మే ఫోమ్ కిట్ బిగించండి. గోడకు థర్మోకోల్‌లాంటి ఫోమ్ కొట్టి అట్లాగే వదిలేయకండి, మంట అంటుకుంటే నిమిషాల్లో పాకుతుంది. దాని మీద జిప్సం బోర్డు పడాలి. దీనికి పెట్టే డబ్బు హీటర్ ఖర్చులో తిరిగొస్తుంది.

ఇప్పుడు కరెంటు హీటర్. మామూలు ప్లగ్గుకు పెట్టే హీటర్లన్నీ దాదాపు 1500 వాట్లవే. నలభై డాలర్లదైనా, నాలుగు వందల డాలర్లదైనా ఇచ్చే వేడి ఒక్కటే, గంటకు సుమారు 5,100 బీటీయూలు. పెట్టె అందానికి డబ్బులు పోయకండి. చిన్న గదికి అది చాలు, రెండు కార్ల గ్యారేజీకి చాలదు. మనవాళ్లు పొరపడే చోటు ఇంకోటుంది. ఇంటి దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. అదే వాట్లకు ఇక్కడ దాదాపు రెట్టింపు కరెంటు పారుతుంది. 1500 వాట్ల హీటర్ పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది, ఇంట్లో చాలా లైన్లు 15 ఆంపియర్లవే. అదే లైను మీద రంపం తిప్పితే బ్రేకర్ పడుతుంది. పడితే మంచిదే, అది మిమ్మల్ని కాపాడుతోంది. బ్రేకర్ పడుతోందని సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి వంటింటి ప్లగ్గుకు పెట్టేవాళ్లను చూశాను. ఇంజినీరింగ్ చదివినవాళ్లు! హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ వైరుకు, పవర్ స్ట్రిప్పుకు పెట్టొద్దని దాని మీదే రాసి ఉంటుంది. చదవండి.

చదవండి అంటే గుర్తొస్తుంది, నేను చదవలేదు.

మా బాపు వడ్లపని చేసేవాడు. సిద్దిపేటలో మా ఇంటి ముందు వేపచెట్టు కిందే ఆయన దుకాణం. నాలుగు కర్రల మీద రేకులు, మూడు దిక్కులా గోడలే లేవు. సంక్రాంతి ముందు రోజుల్లో కోమటి చెరువు మీంచి మంచు లేచి వీధిలోకి వచ్చేది. బాపు తెల్లారకముందే లేచి రందా పట్టగా రాలిన పేళ్లు పోగేసి నెగడు వేసేవాడు. ఆ నెగడు పక్కనే జిగురు డబ్బా వెచ్చబడేది. నేను ముక్కాలి పీట మీద కూర్చుని చేతులు కాచుకుంటూ ఎక్కాలు చదివేవాణ్ని. టేకు పేళ్లు కాలిన ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. రాత్రుళ్లు బాగా చలి పెడితే అవ్వ కుంపట్లో నిప్పులు వేసి ఇంట్లోకి తెచ్చేది. ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో నాకు నలభై ఏళ్లొచ్చాక, ఒక పరాయి ఆసుపత్రిలో మంచం మీద పడుకున్నప్పుడు తెలిసింది. మాది పెంకుటిల్లు. ప్రతి పెంకు సందులోంచీ గాలి ఆడేది. ఇల్లే ఊపిరి పీల్చేది.

ఇక్కడి ఇల్లు ఊపిరి పీల్చదు. చలి రాకుండా, వేడి పోకుండా బిగించి కడతారు. నేను గ్యారేజీని ఇంకా బిగించాను. పైన మీకు చెప్పిన పనులన్నీ చేశాను, రబ్బరు పట్టీలతో సహా. చేసి, అందులో నెగడు పెట్టాను.

2019 జనవరి 30. ధ్రువపు చలిగాలి కిందికి దిగి డెట్రాయిట్‌లో సెల్సియస్ లెక్కన సున్నాకు ఇరవై అయిదు డిగ్రీలు కిందికి పోయిన రోజు. బళ్లు మూతపడ్డాయి. దానికి తోడు ఆ రోజే మకోంబ్ కౌంటీలో ఒక గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచాయి. రాత్రి అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి: గ్యాస్ సరఫరా తగ్గింది, థర్మోస్టాట్‌ను 65 ఫారెన్‌హీట్‌కు గానీ అంతకంటే కిందికి గానీ దించండి అని. మేమూ దించాం. మిత్రుడి గృహప్రవేశానికి రెండు పీటలు చేస్తున్నాను, సాయంత్రమే జిగురు పెట్టి క్లాంపులు బిగించాను. ఆ చలిలో వదిలేస్తే అతుకులు పోతాయి. గ్యాస్ తగ్గించమన్నారు, కిరోసిన్ ఉంది కదా అనుకున్నాను. కిరోసిన్ హీటర్ వెలిగించి, తలుపులన్నీ బిగించి, పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను.

ముందు తలనొప్పి వచ్చింది. రోజంతా మంచు ఎత్తిన అలసట అనుకున్నాను. తర్వాత కడుపులో తిప్పింది. రాత్రి తిన్న పచ్చిపులుసు పడలేదేమో అనుకున్నాను. చూడండి, ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది. హీటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మెదడునే ముందు మబ్బు పట్టిస్తుంది గనక, లేచి పోవాలన్న బుద్ధి కూడా పుట్టదు. బాపు దుకాణం కళ్ల ముందు కనిపించింది, హాయిగా ఉంది. కొద్దిసేపటికి లేద్దామంటే కాళ్లు నా మాట వినలేదు.

నన్ను కాపాడింది ఇంట్లో పడకగదుల ముందు ఉన్న అలారం. గ్యారేజీ ఇంటికి అంటుకుని ఉంటుంది కదా, గోడ సందుల్లోంచి ఆ గాలి ఇంట్లోకీ పాకింది. నాలుగు కూతలు, ఆగి మళ్లీ నాలుగు. పొగ అలారం మూడేసి సార్లు కూస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం నాలుగేసి సార్లు. ఈ తేడా మా ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. ఆమె పిల్లలను ముందు తలుపు గుండా వాకిట్లోకి నెట్టి, గ్యారేజీ పెద్ద తలుపు తెరిచి, నన్ను చంకల కింద పట్టుకుని మంచులోకి ఈడ్చింది. 911కు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టి గంటల తరబడి ఆక్సిజన్ ఎక్కించారు.

అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ మీద 200 రెట్లకు పైగా మోజు. అది ఎక్కి కూర్చుంటే ఆక్సిజన్‌కు చోటుండదు. మామూలు గాలి పీలిస్తే అందులో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. ఇంకో సంగతి రాసి పెట్టుకోండి. కోవిడ్ కాలం నుంచి మనందరి ఇళ్లలో వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ ఉంది. అది ఈ విషాన్ని పట్టుకోలేదు. మనిషి పడిపోతుంటే కూడా 98 చూపిస్తుంది. ఆ అంకె చూసి ఊరట పడి పడుకోకండి. బయటికి రండి, 911కు ఫోన్ చేయండి.

"తలుపు జానెడు ఎత్తి పెడతా అన్నా" అన్నాడు కాంటన్ తమ్ముడు. ఎత్తవు. బయట మైనస్ ఇరవై ఉంటే ఏ మనిషీ ఎత్తడు, నేనూ ఎత్తలేదు. ఎత్తినా గాలి ఎటు వీస్తే అటే, లోపలి విషం బయటికి పోతుందన్న నమ్మకం లేదు. చిమ్నీ లేని కిరోసిన్ హీటరైనా, సిలిండరు మీద బిగించే ప్రొపేన్ హీటరైనా, బొగ్గుల కుంపటైనా మూసిన గ్యారేజీలో వద్దు. ఒక్క రాత్రికి కూడా వద్దు. జిగురు ఆరేదాకా కూడా వద్దు. కాలేది ఏదైనా దాని ఊపిరి గోడ అవతలి నుంచి తెచ్చుకోవాలి, దాని పొగ గోడ అవతలికే పోవాలి.

ప్రాణం సంగతి చెప్పినా చెవికెక్కని వాళ్లకు పనిముట్ల సంగతి చెప్తాను. లీటరు కిరోసిన్ కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరై గాల్లో కలుస్తుంది. అది పోయి చల్లటి ఇనుము మీద వాలుతుంది. ఆ వారం రోజుల్లో నా రంపం బల్ల ఎర్రగా తుప్పు పట్టింది. బాపు ఉలులు రెండు, మా ఊరి కమ్మరి సాగదీసినవి, సిద్దిపేట నుంచి చీరలో చుట్టి తెచ్చుకున్నవి, వాటికీ పట్టింది. రుద్దితే తుప్పు పోయింది గానీ, బాపు అరచేతిలో నునుపెక్కిన ఆ మెరుపు మళ్లీ రాలేదు.

మరి ఏం కొనాలి? ఇప్పుడు నా గ్యారేజీలో 240 వోల్టుల, 5000 వాట్ల కరెంటు హీటర్ పైకప్పుకు వేలాడుతోంది, సుమారు 17,000 బీటీయూలు ఇస్తుంది. దానికి విడిగా 30 ఆంపియర్ల లైను కావాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో, ఊరి పర్మిట్ తీసుకుని వేయించాను. గొంగడి కప్పిన గ్యారేజీకి అది సరిపోతోంది. రోజూ పనిచేసేవాళ్లకు గ్యాస్ హీటర్ కూడా మంచిదే, కాకపోతే గాలిని బయటి నుంచే పీల్చి పొగను బయటికే వదిలే, మంట గది పూర్తిగా మూసి ఉన్న రకమే తీసుకోండి. నిప్పు పుట్టే భాగం నేల నుంచి కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలి. పెట్రోలు ఆవిరి బరువైనది, నేల మీద పాకుతుంది. బల్ల దగ్గర నిలబడే రెండు గంటల పనికి ఇన్‌ఫ్రారెడ్ హీటర్ చాలు, అది మనిషిని వెచ్చబెడుతుంది, గదిని కాదు, కాబట్టి జిగురు పనికి పనికిరాదు. డబ్బుంటే మినీ స్ప్లిట్ హీట్ పంపు, వేసవిలో చల్లదనం కూడా ఇస్తుంది.

ఏది పెట్టినా ఎర్రగా కాలే తీగ మీద రంపపు పొట్టు పడకుండా చూసుకోండి. థిన్నర్, వార్నిష్ పూసే రోజు హీటర్ ఆపండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయండి. పడకగదుల దగ్గర ఒకటి, గ్యారేజీ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకు ఇంటి వైపు ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టండి. వాటి వెనక కాలం తీరే తేదీ ఉంటుంది. దాటితే మార్చండి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు నెలలకు గానీ బాపుకు ఫోన్లో చెప్పే ధైర్యం రాలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మల్లన్న జాతర ముగిసే రోజులు. కొమురవెల్లి అగ్నిగుండాల దగ్గర నన్ను చిన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకుని, నిప్పుకు దండం పెట్టిన తర్వాతే కాలు పెట్టాలని చెప్పిన మనిషి. చివరికి, "గాలి ఆడని కాడ నిప్పు పెడ్తరా బిడ్డా?" అని ఒక్క మాట అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ దుకాణం రేకులు ఇంకా వేపచెట్టు కింద ఉన్నాయట, ఎవరూ తీయలేదట.

కాంటన్ తమ్ముడు సోమవారమే ఆ పెట్టెను వాపసు ఇచ్చి నాకు రసీదు ఫోటో పంపాడు. మీలో ఎవరి గ్యారేజీ మూలనైనా అట్లాంటి పెట్టె ఉంటే మీరూ ఇచ్చేయండి. మీ కరెంటు ప్యానెల్ తలుపు తెరిచి, లోపల ఖాళీ చోటు ఎంతుందో, మెయిన్ బ్రేకర్ మీద 100 అని ఉందో 200 అని ఉందో చూడండి. ఎలక్ట్రీషియన్ అడిగే మొదటి మాట అదే.