నూనెగుడ్డ సంగతి

భివండీ, పద్మానగర్

చిరంజీవి శ్రీకాంత్‌కు,

 మరమగ్గాలు బాగుచేసే జాబర్ పని నేర్చుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. చప్పుడు విని సాంచె జబ్బు చెప్పగలిగేవాడికి ఈ ఊళ్లో పనికి కొదవ లేదు. అయితే నూనెగుడ్డ నడుములో దోపుకుని, నూనె ఇంకిన లుంగీతోనే ఇంటికొచ్చి పడుకుంటున్నావట. ఈ ఉత్తరం దానికోసమే.

ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో ‘మ్యూల్’ అనే వడికే యంత్రాలుండేవి. తెగిన పోగు అతకడానికి పనివాళ్లు వాటి మీదికి వంగినప్పుడల్లా, కదుర్ల నుంచి చిమ్మే నూనెతో తొడల దగ్గర బట్ట నానేది. దశాబ్దాలు గడిచాక కొందరికి వృషణాల తిత్తి మీద మానని పుండు లేచేది. అది క్యాన్సర్. 1922లో సౌథమ్, విల్సన్ అనే మాంచెస్టర్ వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. శుద్ధి చేసిన నూనే వాడాలన్న నిబంధన రావడానికి 1953 దాకా పట్టింది. అప్పటికి ఆ యంత్రాలే మూలన పడుతున్నాయి!

నూనెలో ఏముందంటావా? బడిలో సైన్సు చెప్పినవాణ్ని, కాస్త ఓపిక పట్టు. బొగ్గు, నూనె, కట్టె, పొగాకు ఏది సగం సగం కాలినా కార్బన్ వలయాలు అతుక్కున్న పదార్థాలు పుడతాయి. సరిగా శుద్ధి చేయని నూనెలోనూ ఇవి ఉంటాయి. వాటిలో పేరుమోసింది బెంజోపైరీన్. ఐదు వలయాలు. 1933లో లండన్ శాస్త్రవేత్తలు తారు నుంచి దీన్ని విడదీశారు. విచిత్రమేమిటంటే, ఒంట్లోకి వెళ్లేటప్పుడు ఇది అంత ప్రమాదకారి కాదు. నీళ్లలో కరగదు కాబట్టి, కరిగించి బయటికి పంపుదామని మన కణాలే దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ మార్పుల్లో పుట్టే ఒక రూపం పోయి డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కణం విడిపోతూ డీఎన్ఏకు నకలు తీసుకునేటప్పుడు ఆ చోట తప్పు అక్షరం పడుతుంది.

పడుగులో పోగు తెగితే వెంటనే చూసి ముడేస్తావు కదా, కణంలోనూ అలా బాగుచేసే ఎంజైములున్నాయి. చాలావరకు సరిచేస్తాయి. వాటి కన్నుగప్పిన తప్పు మాత్రం ఆ కణం సంతానమంతటికీ పోతుంది. అది పి53 అనే జన్యువులో పడితే మరీ చేటు. కణాల పెరుగుదలను అదుపులో పెట్టేది అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో పి53 ఎక్కువగా ఎక్కడ చెడి ఉంటుందో, సరిగ్గా ఆ చోట్లనే బెంజోపైరీన్ అతుక్కుంటోందని 1996లో తేలింది. ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. ఇలాంటివి కొన్ని ఒకే కణంలో పోగుపడాలి. అందుకే ఏళ్లు పడుతుంది, అందుకే నీ వయసులో ఎవరూ నమ్మరు.

బాగా శుద్ధి చేసిన నూనెలో ఇవి చాలా తక్కువ. బండి ఇంజిన్లో కాగి కాగి వచ్చిన నల్ల నూనెలో చాలా ఎక్కువ. చవకని ఎవరైనా అది తెచ్చి సాంచెకు పోయమంటే ఒప్పుకోకు. సైజింగ్ బాయిలర్లో చిందీ పేలికలు కాల్చే పొగ దగ్గర నిలబడి ముచ్చట్లు పెట్టకు. బీడీ సంగతి మీ నాన్న ముందు ఎత్తను గానీ, ఆ పొగలోనూ ఉన్నది ఇదే.

గుడ్డ సాంచె దగ్గరే ఒక మేకుకు తగిలించు. కార్ఖానాలోనే సబ్బుతో కడుక్కుని లుంగీ మార్చుకో. కిరోసిన్‌తో చేతులు రుద్దుకోకు, చర్మం పగులుతుంది. ఎక్కడైనా పుండు మానకపోతే, అది ఏ చోటైనా సరే, సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించు. పని లుంగీని చెల్లెలి బట్టలతో కలిపి నానబెట్టొద్దని అమ్మకు చెప్పు.

మీ పెద్దబాపు