గోదారి గట్టున ఏడు రోజులు



మనం పొలంలో వంగుతాం. నీళ్లు మోస్తాం. బట్టలు ఉతుకుతాం. "ఇంత చాకిరీ చేసేవాళ్లకి మళ్లీ వ్యాయామం ఎందుకు?" అని అడుగుతారు. చాకిరీ వేరు, వ్యాయామం వేరు. రోజంతా వంగి పనిచేస్తే నడుం పట్టేస్తుంది. వయసు మీద పడ్డాక కాలు తడబడుతుంది. కింద పడితే తుంటి ఎముక విరగవచ్చు. మంచాన పడ్డ మనిషికి సేవ చేసేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

తై చీ అంటే ఏమిటి?

తై చీ చైనా దేశపు వ్యాయామం. మన కర్రసాములాగే అదీ మొదట ఒక సాము. హెనాన్ రాష్ట్రంలో, పసుపు నదికి దగ్గరలో, చెన్ ఇంటిపేరు వాళ్ల ఊరు ఉంది. తై చీ అక్కడ పుట్టిందని చెబుతారు. అందరూ సులువుగా నేర్చుకోవాలని 1956లో చైనాలో 24 కదలికల వరుస తయారు చేశారు. 2020లో యునెస్కో సంస్థ తై చీని మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇందులో పరుగు లేదు, గెంతడం లేదు. మోకాళ్లు కొంచెం వంచాలి. ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదికి నెమ్మదిగా మార్చాలి. నెలల తరబడి చేసిన పెద్దవాళ్లు కింద పడడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

సంఘంలో మాట

గోదారి గట్టున ఒక ఊరు అనుకుందాం. అక్కడి మహిళా సంఘంలో 20 మంది ఉన్నారు. పట్నం నుంచి ఒక టీచరమ్మ 7 రోజులు తై చీ నేర్పడానికి వస్తానంది. ఏర్పాట్లు ఎలా చేయాలి?

మొదటి కాగితం: ఎవరు రాలేరు?

చాలామంది ముందు డబ్బు లెక్క రాస్తారు. ఈ సంఘం ముందు రాలేనివాళ్ల పేర్లు రాసింది.

"పగలు పెడితే నా కూలి పోతుంది. ఏడు రోజుల కూలి ఎవరిస్తారు?" అంది ఒక వదిన.

"చంటిదాన్ని ఎవరికి అప్పజెప్పను అత్తా?" అంది ఒక కోడలు.

"నాకు మోకాళ్ల నొప్పులు. మీరు కానివ్వండమ్మా" అంది పెద్దమ్మ.

అందరికన్నా ఈ వ్యాయామం అవసరం పెద్దమ్మకే. ఆమే రాకపోతే శిబిరం ఎవరి కోసం? అందుకని ప్రతి కారణానికీ ఎదురుగా ఒక ఉపాయం రాశారు.

కూలి: ఒకే పాఠం రెండు పూటలా చెప్పాలి. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర. సాయంత్రం 5 నుంచి 6. ఎవరికి వీలైన పూట వాళ్లు రావచ్చు.

పిల్లలు: పూటకు ఇద్దరు వంతుల వారీగా పిల్లల్ని చూడాలి. వాళ్లు రెండో పూట నేర్చుకోవాలి.

మోకాళ్లు: ఒక కుర్చీ వేయాలి. తై చీని కూర్చుని కూడా చేయవచ్చు.

రెండో కాగితం: చోటు, తేదీ

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారికి వరద భయం. కోతల రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు. అందుకని ఫిబ్రవరి అనుకున్నారు.

రేవు మెట్ల మీద నాచు ఉంటుంది, జారుతుంది. ఇసుకలో కాలు కూరుకుపోతుంది. నీటికి దూరంగా, చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి. తాగడానికి ఏటి నీళ్లు వద్దు. కాచి చల్లార్చిన నీళ్లు తేవాలి. పంచాయతీకి ముందే చెప్పాలి.

మూడో కాగితం: డబ్బు

టీచరమ్మకు, రోజుకు 600 చొప్పున: 4,200 రూపాయలు
మజ్జిగ, రోజుకు 100 చొప్పున: 700 రూపాయలు
టార్పాలిన్ అద్దె: 500 రూపాయలు
మందుల పెట్టె: 200 రూపాయలు
మొత్తం: 5,600 రూపాయలు

20 మంది పంచుకుంటే మనిషికి 280 రూపాయలు. అంటే రోజుకు 40. ఇచ్చుకోలేనివాళ్ల వంతు సంఘం పొదుపు నుంచి పెట్టాలని తీర్మానం రాశారు. ఆ పేర్లు మాత్రం బయటికి చదవలేదు.

నాలుగో కాగితం: ఏ రోజు ఏమిటి?

ఏడు రోజుల్లో 24 కదలికలూ రావు. ఆశపడితే ఒక్కటీ రాదు. మొదటి 6 రోజులు రోజుకొక కదలిక నేర్చుకోవాలి. నిన్నటిది చేశాకే కొత్తది. ఏడో రోజు ఆరూ కలిపి చేయాలి.

జాగ్రత్త

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య ఎముక విరిగినవాళ్లు ముందు డాక్టరును అడగాలి. కళ్లు తిరిగినా, నొప్పి వచ్చినా వెంటనే ఆపి కూర్చోవాలి. తై చీ చేస్తున్నాం కదా అని బీపీ మందులు, షుగరు మందులు మానకూడదు.

ఏడు రోజుల్లో ఒంటికి బలం రాదు. అలవాటు మొదలవుతుంది. ఎనిమిదో రోజు టీచరమ్మ ఉండదు. ఆ రోజు ఎవరు ముందు నిలబడాలో కూడా ఇప్పుడే రాసుకోవాలి. పెద్దమ్మ కుర్చీ ఎవరు వేయాలో కూడా రాసుకోవాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ సంఘం మీటింగులకు ఎప్పుడూ రాలేనివాళ్లు ఎవరు? ఎందుకు రాలేరు?
2. ఇచ్చుకోలేనివాళ్ల పేర్లు ఎందుకు బయటికి చదవలేదు?

లెక్క చేయండి

ఇంకా 5 గురు చేరి 25 మంది అయ్యారు. ఖర్చు 5,600 రూపాయలే. మనిషికి ఎంత పడుతుంది?

రాయండి

మీ ఊళ్లో ఏడు రోజుల శిబిరం పెట్టాలి. మొదటి కాగితం మీరే రాయండి.