నరసాపురంలో నాలుగు రోజులు

చి.ల.సౌ. అమ్మడిని అత్తయ్య ఆశీర్వదించి రాసేది.

సెలవులకి మీరిద్దరూ రాసుకున్న జాబితా మీ అమ్మ చదివి వినిపించింది. పాపికొండలు, మారేడుమిల్లి, అరకు, విశాఖ, అన్నీ నాలుగు రోజుల్లోనే! అలా తిరిగితే అలసట తీరదు తల్లీ, ఇంకా పెరుగుతుంది. మీ ఆయనది రాత్రి షిఫ్టు, నీది పగలు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా తీరిగ్గా ఎదురుబొదురు కూర్చుని ఎన్నాళ్లయిందో! అదే నా బెంగ.

నా మాట విని నరసాపురం వెళ్లండి. హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారేక దిగొచ్చు. కార్తీకం వెళ్లాక, మార్గశిరంలో అయితే మేలు. శ్రావణ భాద్రపదాల్లో వరదొస్తే గోదావరి దాటించే పంటు ఆపేస్తారు. మాఘంలో భీష్మ ఏకాదశికి, మీరు చూడాల్సిన అంతర్వేది జనంతో కిక్కిరిసిపోతుంది.

మొదటి రోజు ఎటూ వెళ్లకండి. సాయంత్రం వలంధర రేవు మెట్ల మీద కూర్చోండి. సముద్రం దగ్గరే కనక వశిష్ఠ గోదావరికి అక్కడ పోటూ పాటూ ఉంటాయి. ఇందాక పొడిగా ఉన్న మెట్టు మెల్లగా తడుస్తుంది. అది కంటితో పట్టుకునేదాకా కదలకండి. ఫోన్లు గదిలోనే ఉంచండి. ఇంటి లోను వాయిదాలూ, ఎవరు ఎవరిని ఏమన్నారన్న లెక్కలూ ఆ రేవులో ఎత్తొద్దు.

మర్నాడు పంటెక్కి సఖినేటిపల్లికి దాటండి. బళ్లూ కార్లూ మనుషులూ ఎక్కేదాకా ఆగాలి. ఆలస్యమైందని అతను విసుక్కుంటే నువ్వే సర్దిచెప్పు, మీరు వచ్చిందే తీరిగ్గా గడపడానికి కదా. అవతల ఆటో మాట్లాడుకుని అంతర్వేది వెళ్లి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదావరి సముద్రంలో కలవడం చూడండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. సంగమంలో లాగుడు ఎక్కువ, ఈత వచ్చినా పనికిరాదు. ఇది ఒట్టేసి చెప్పమంటున్నాను.

ఇంకొక్క మాట. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద లేసు అల్లుతుంటారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. సన్నని దారంతో పొద్దస్తమానం కళ్లు చికిలించుకుని కూర్చున్నా వాళ్ల చేతికొచ్చేది చాలా తక్కువ. కొంటే నేరుగా వాళ్ల దగ్గరే కొను, బేరం ఆడకు.

చెరకు పానకంతో దిబ్బరొట్టె తినాలనిపిస్తే పాలకొల్లు పది కిలోమీటర్లే. అంత దూరం వచ్చి అత్తయ్యని చూడకపోతే బాగుండదని మా గుమ్మం ఎక్కావో, ఒప్పుకోను. మావయ్య కబుర్లు మొదలుపెడితే మీ ఇద్దరి పూటా పోతుంది. సంక్రాంతికి ఎలాగూ వస్తారుగా, అప్పుడు వారం రోజులు కదలనివ్వను.

ఇట్లు,
మీ అత్తయ్య