ధర తగ్గిన పిదప

కృష్ణవేణి సముద్రమును గలియు హంసలదీవి తమ మండలములోనే కలదని గర్వించు కోడూరు ప్రాంతమువారు, కొనుటకు ముందు గంటసేపు బేరమాడుటకైనను సిగ్గుపడరు గాని, కొన్న వస్తువు ధర పక్షము తిరుగకముందే తగ్గినప్పుడు, అదే దుకాణమునకు మరల బోయి, ఆ తేడాలో కొంతయైనను సర్దుబాటు చేయుమని యడుగుటకు మాత్రము వెనుదీయుదురు. డబ్బిచ్చి బిల్లు పుచ్చుకొన్న తోడనే వ్యవహారము ముగిసినదనియు, మరల నోరు విప్పుట చిన్నతనమనియు, అవనిగడ్డ బజారులో నలుగురు విని నవ్వుదురనియు ఒక భావము మనలో పాతుకొనిపోయినది. ఈ సంకోచమునకు కొందఱు అభిమానమని పేరు పెట్టుచున్నారు. తనకు న్యాయముగా రావలసినదేదో, ఎదుటివాని సౌజన్యమువలన మాత్రమే రాగలదేదో విడదీసికొనలేని మనస్సు పడు తడబాటే ఇదియని నా నమ్మకము.

దీనిని పరిశీలించుటకు 2025 సెప్టెంబరును మించిన సందర్భము దొరకదు. ఆగస్టు 15న ఎఱ్ఱకోటనుండి ప్రధానమంత్రి జీఎస్టీ సంస్కరణలను ప్రకటించిరి. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి రేట్లను నిర్ణయించినది. శరన్నవరాత్రులు ఆరంభమైన 22వ తేదీనుండి అవి అమలునకు వచ్చినవి. ట్రాక్టరుపై పన్ను 12 శాతమునుండి 5 శాతమునకును, ఏసీలపైనను పెద్ద టీవీలపైనను 28 నుండి 18 శాతమునకును దిగినది. సార్వా దమ్ములకు అక్కఱకు వచ్చునని ఆగస్టులో, పన్ను గాక 7,00,000 రూపాయల విలువగల ట్రాక్టరును కొన్న రైతు 84,000 రూపాయల పన్ను కట్టెను. అదే బండిని దసరాకు కొన్న పొరుగు రైతు 35,000 మాత్రమే కట్టెను. నడుమనున్న 49,000 రూపాయలు దివిసీమ రైతునకు చిన్న మొత్తము కాదు. రాత్రులు నిద్ర పట్టనీయని మొత్తము.

అయినను ఇక్కడ న్యాయమును నిదానముగా విచారింపవలెను. 22వ తేదీకి పూర్వమే బిల్లయి, సొమ్ము చెల్లి, బండి ఇల్లు చేరినచో, వర్తకుడు పాత రేటున పన్ను వసూలుచేసి ప్రభుత్వమునకు జమకట్టవలసినవాడే గనుక, ఆ 49,000 అతని గల్లాపెట్టెలో నిలువలేదు. అట్టివానిని నిలదీసి 'నా పన్ను నాకిమ్ము' అనుట అధర్మము. అడుగదలచినచో అతని లాభమునుండి ఏ కొంతయో అడుగవలెను, అది ప్రార్థన. బయానా మాత్రము ముందిచ్చి, బిల్లును బండిని 22 తరువాత పొందినవాని సంగతి వేఱు: కేంద్ర జీఎస్టీ చట్టము 14వ సెక్షను ప్రకారము అతనికి కొత్త రేటే వర్తించును, అది హక్కు. ఇక 22 తరువాతగూడ పాత ధరయే పలికిన దుకాణము విషయమున మొగమాటమునకు తావే లేదు. తగ్గిన పన్నుకు తగినంత ధర తగ్గింపవలెనని 171వ సెక్షను చెప్పుచున్నది; ఆ సెక్షను క్రింద కొత్త ఫిర్యాదులు స్వీకరించుట 2025 ఏప్రిల్ 1 నుండి నిలిచినను, 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపుకొనవచ్చును. పన్నుతో నిమిత్తము లేక కంపెనీయే ధర దించినప్పుడో, పండుగ తగ్గింపు పెట్టినప్పుడో, ముందు కొన్నవానికి హక్కు ఏమియు లేదు. అమ్ముడుపోక మిగిలిన సరకునకు కంపెనీలు డీలరునకు కొంత పరిహారమిచ్చుట కద్దు గాని, అమ్ముడైపోయినదానికి అతనికిని సాధారణముగా ఏమియు రాదు.

కోడూరు రైతునుగూర్చి తలచినప్పుడు నన్ను మిక్కిలి బాధించు విషయమొకటి యున్నది. 75 కిలోల బస్తాలుగా ధాన్యము కట్టి మిల్లునకు తోలినప్పుడు, తేమ 17 శాతము దాటినదని తరుగు తీయుదురు. రొయ్యల చెరువు పట్టుబడి నాడు కౌంటు సరిపోలేదని ధర కోయుదురు. 2025లో అమెరికా సుంకముల వార్త వినవచ్చినంతనే, సుంకము ఇంకను అమలునకు రాకముందే, కొనువారు రొయ్యల ధర దించివైచిరి. వీరిలో ఏ ఒక్కరును తగ్గించుమని యడుగుటకు సిగ్గుపడలేదు, అడిగినందులకు వారిని చిన్నతనము చేసినవారును లేరు. ఏడాది పొడుగునను ఇతరుల కోతలను మౌనముగా భరించు మనిషి, తాను కొనువాడై నిలిచిన ఆ ఒక్క ఘడియలోగూడ నోరు మెదపలేకపోవుట అతని స్వభావముకాదు, అలవాటు. అలవాటు గనుకనే మార్చుకొనవచ్చును.

అడుగుటకు తగిన వేళయు, తగిన మాటయు కలవు. కొట్టు కిటకిటలాడు సాయంకాలము, పదిమంది ఎదుట, కొత్త ధరల కాగితమును బల్లపై గొట్టి అడిగినవానికి ఏ వర్తకుడును ఈయడు. ఈయదలచినను, ఒకరికిచ్చినచో అందఱికి ఈయవలసివచ్చునని భయపడును. ఉదయము కొట్టు తెఱచిన కొంతసేపటికి, బిల్లు చేతబట్టుకొని వెళ్లి, "షావుకారు గారూ, పది రోజుల కిందట మీ దగ్గర టీవీ తీసుకున్నాను. ఇప్పుడు నాలుగు వేలు తగ్గింది. మీరు ఇవ్వాల్సిందేనని అనటంలేదండీ. మీ లాభంలో ఏమన్నా సర్దగలిగితే చూడండి" అని, ఆ పిమ్మట మాటలాడక నిలువవలెను. ఈ మౌనమే కష్టము. అడిగినవాడు తన మాటకు తానే జడిసి, "పోనీలెండి, ఏదో అడిగాను" అని తానే వెనుకకు తీసికొనును. అతని యభ్యర్థనను త్రోసిపుచ్చినది వర్తకుడు కాడు. డబ్బు లేదన్నచో, స్టెబిలైజరో, గోడకు బిగించు స్టాండో, రాబోవు కొనుగోలులో తగ్గింపో అడుగవచ్చును. కుదరదన్నచో నమస్కరించి, మునుపటి మర్యాదతోనే వీడ్కొనవలెను. హక్కు కానిదానిని నిరాకరించినవానిపై పగబూనుట తగదు.

అడిగినవారు ఒంటరులు కానప్పుడు ఎంతటి సంస్థయైనను ఆలకించును. 2007 జూన్ 29న 599 డాలర్లకు అమ్మకమునకు వచ్చిన ఐఫోనును, సెప్టెంబరు 5న యాపిల్ సంస్థ 399కి దించినది. ముందు కొన్నవారు వందలకొలదిగా లేఖలు వ్రాయగా, మఱునాడే స్టీవ్ జాబ్స్ బహిరంగముగా క్షమాపణ చెప్పి, వారికి 100 డాలర్ల విలువగల కొనుగోలు సదుపాయమును ప్రకటించెను. సగము మాత్రమే, కాని అడుగకున్నచో ఆ సగమును లేదు.

వర్తకులకును ఒక విన్నపము. సెప్టెంబరు 3న నిర్ణయము వెలువడిన పిదప, వార్త తెలియక 10వ తేదీన టీవీ కొనవచ్చిన ముదుసలితో, "పెద్దయ్యా, ఇరవై రెండు దాకా ఆగండి, నాలుగు వేలు కలిసొస్తుంది" అని చెప్పుటకు పండ్రెండు దినముల ఓర్పు చాలును. చెప్పక అమ్మినవాడు చట్టమును దాటలేదు. కాని ఆ ముదుసలి పండుగ తరువాత బిల్లుతో తిరిగివచ్చి అడిగినప్పుడు, పాత రేటును చూపి తలుపు మూయక, కూర్చుండబెట్టి, తన లాభమెంతయో, అందులో ఈయగలిగినదెంతయో దాచక చెప్పవలసిన బాధ్యత అతనిదే.