ఆదివారం, పాటు నీరు, పండుగప్ప

గుడివాడలో ఉద్యోగం చేసేవారికైనా, బందరులో కొట్టు నడిపేవారికైనా సముద్రం దగ్గరే. దొరకనిదల్లా తీరిక. రబ్బరు చేపతో గాలం వేయడం నేర్చుకోవాలని చాలామంది ముచ్చటపడి రాడ్ కొంటారు, రెండు ఆదివారాలు ఉత్తచేతులతో తిరిగొచ్చి అటక మీద పడేస్తారు. రాడ్ కంటే ముందు మీకు కావలసింది గోడమీది తెలుగు క్యాలెండరు.

మన తీరంలో రోజుకు నీరు పెరిగే పోట్లు రెండు, తగ్గే పాట్లు రెండు. మర్నాటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమిలకు నీరు ఉరవడిగా కదిలి బురదంతా లేపుతుంది. అష్టమి, నవములకు చప్పగా ఉంటుంది. చవితి నుంచి షష్ఠి దాకా, మళ్లీ ఏకాదశి, ద్వాదశుల్లో పడిన ఆదివారాలు కొత్తవారికి మేలని నా అనుభవం. వేళ తెలియకపోతే గిలకలదిండిలో పడవల వాళ్లను అడగండి, గడియారం చూడకుండా చెబుతారు.

విసరడం మంగినపూడిలో సాధన చేయండి. చేపను మాత్రం ఉప్పుటేళ్ల మొగల్లో వెతకండి. పాటు మొదలయ్యాక పిల్ల కాలువల్లోంచి రొయ్యలు, చిన్న చేపలు బయటికి జారతాయి. వాటికోసం పండుగప్ప అంచున కాచుకుని ఉంటుంది. హంసలదీవి సంగమం దగ్గర గట్టు మీంచే వేయండి, నీళ్లలోకి దిగొద్దు. మడ అడవుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

సరంజామా కొంచెమే చాలు. 8 అడుగుల రాడ్, 4000 సైజు రీల్, 20 పౌండ్ల అల్లిక దారం, దాని చివర బారెడు 40 పౌండ్ల నైలాన్. ఆ బారెడు మానకండి. పండుగప్ప మొప్ప అంచు బ్లేడే. నా మొదటి చేప దారం తెంపుకుపోయింది, రెండోది నా వేలు కోసింది. చేపను కింది దవడ పట్టి ఎత్తాలి. లూర్లు మూడు కొనండి: సీసపు తల గాలానికి గుచ్చిన 4 అంగుళాల రబ్బరు చేపలు, రెండు తెల్లవి, ఒకటి చిలకపచ్చ.

విసిరాక అడుగు తాకేదాకా ఆగండి. రాడ్ కొనను మోకాలెత్తు నుంచి భుజం దాకా లేపి, మళ్లీ దించుతూ దారం చుట్టండి. బురద నీటిలో చేపకు కంటికంటే ముందు రబ్బరు తోక అదురు తెలుస్తుంది, కాబట్టి తొందరపడొద్దు. రబ్బరు చేప కిందికి జారేటప్పుడే ‘టక్’మంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు, బిగువుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులవుతుంది. వెంటనే లాగండి. ఇంటికొచ్చాక రీల్‌ను మంచినీళ్లతో కడగండి, ఉప్పు తినేస్తుంది.

వలలు కట్టిన చోట గాలం వేయకండి, అది ఒకరి కూడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మోటారు పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వేటకని మోటారు పడవ ఎక్కిస్తానంటే ఎక్కకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయలుదేరేముందు వాతావరణ హెచ్చరిక చూడండి. 1977 నవంబరు 19 తుపాను దివిసీమకు ఏం చేసిందో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు.

ఇంకొక్క మాట. పండుగప్ప మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదవుతుంది. పెద్దవన్నీ దాదాపు తల్లులే. కూరకు నడిపి చేప చాలు, పెద్దది పడితే ఫొటో తీసుకుని నీళ్లలోకి వదిలేయండి.